రెఫరీలు, అంపైర్ల సంఘానికి సీజన్ చివరి విందు ఎలా పెట్టాలి? తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లకు పనికొచ్చే పద్ధతి

కబడ్డీ కానివ్వండి, ఖోఖో, వాలీబాల్, క్రికెట్ ఏదైనా కానివ్వండి, ఫైనల్ అయ్యాక గెలిచినోళ్లు కప్పు పట్టుకుని ఊరేగుతారు, ఓడినోళ్ల భుజం తట్టడానికి వాళ్ల ఊరోళ్లుంటారు. మ్యాచ్ నడిపిన రెఫరీ, స్కోరర్ మాత్రం స్కోర్ షీట్ మీద కెప్టెన్ల సంతకాలు పెట్టించుకుని, విజిల్ జేబులో వేసుకుని బస్టాండ్ దారి పడతారు. ఏడాది పొడుగునా ఇదే. అందుకే సీజన్ అయ్యాక సంఘం తరఫున ఒక మంచి విందు పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను, పెట్టేటప్పుడు ఒక్క మాట పట్టుకుని ఉండండి: ఆ పూట అఫీషియల్స్‌ది, వాళ్ల ఇంట్లోవాళ్లది. తేదీ, మెనూ, వేదిక, సన్మానం ఏది తేల్చుకోలేకపోయినా ఈ మాట ముందు పెట్టి చూడండి, తేలిపోతుంది.

అన్నిటికంటే ముందు బాకీలు

హాల్ వెతకడానికి వెళ్లకముందే కోశాధికారితో కూర్చుని ఎవరెవరికి మ్యాచ్ ఫీజు, టీఏ, డీఏ రావాల్సి ఉందో జాబితా రాయించండి. నిర్వాహకుల దగ్గర నిలిచిపోయినవి ఉంటే ఫోన్ చేసి, అవసరమైతే ఇంటికెళ్లి వసూలు చేయండి. మూడు మ్యాచ్‌ల డబ్బు రాని మనిషికి మీరు ఎన్ని రకాలు వడ్డించినా మనసులో అదే మెదులుతుంటుంది, పక్కనోడితో అదే మాట్లాడతాడు, తప్పు కాదు కూడా. విందు ఖర్చుకని మ్యాచ్ ఫీజుల్లోంచి అడక్కుండా కోసుకోవడం అసలు చేయొద్దు.

ఆ తర్వాత ఐదుగురితో కమిటీ వేయండి. ఐదుగురూ కార్యవర్గం వాళ్లే అయితే విందు కాస్తా ఇంకో మీటింగ్ అయిపోతుంది కాబట్టి కార్యవర్గంలో లేని సభ్యులు ఇద్దరు, ఒక మహిళా అఫీషియల్, కొత్తగా రెఫరీ పరీక్ష పాసైన కుర్రాడొకడు ఉండేలా చూడండి. సర్వసభ్య సమావేశాన్ని కూడా దీంతో కలిపేయొద్దు. అందరూ ఎలాగూ వస్తున్నారు కదా, ఎన్నికలూ పద్దులూ అక్కడే కానిచ్చేద్దాం అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. పద్దుల దగ్గర మాట మాట పెరిగాక భార్యాపిల్లలతో వచ్చిన మనిషి తల ఎక్కడ పెట్టుకోవాలి? దానికి వేరే రోజు పెట్టుకోండి.

తేదీ

మన దగ్గర సగం పని తేదీ ఎంచుకోవడంలోనే ఉంది. ఊరు మామూలు ఊరు కాదు కదా.

శనివారం వద్దు. వెంకటేశ్వరస్వామి వారం, మనలో చాలామంది మాంసం ముట్టరు, ఒక్కపొద్దు ఉండేవాళ్లూ ఉంటారు. పెరటాసి నెల, అంటే సెప్టెంబర్ నడిమి నుంచి అక్టోబర్ నడిమి దాకా, చిత్తూరు వైపు ఎన్నో ఇళ్లలో నెలంతా నీసు వండరు, పైగా బ్రహ్మోత్సవాలు ఎక్కువగా ఆ రోజుల్లోనే పడతాయి, లాడ్జీలు దొరకవు, ట్రాఫిక్ మళ్లింపులు. కార్తీకంలో మళ్లీ నియమాలు, ఆ వెంటనే అయ్యప్ప మాలలు. సంక్రాంతికి పల్లెల్లో పండగ టోర్నమెంట్లు, అప్పుడు మనవాళ్లకు ఊపిరి తీసుకునే తీరికుండదు. ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిస్తారు, ఆటలు నేర్పే పీఈటీలు, పీడీలు ఖాళీ అవుతారు, నిజమే, కానీ అప్పుడే పెళ్లి ముహూర్తాలు, అప్పుడే వేసవి టోర్నమెంట్లు, మే నెలలో గంగ జాతర. ఆ వారంలో తిరుపతి వీధుల్లో నడవడమే కష్టం, విందు సంగతి దేవుడెరుగు. ఆగస్టు 29 ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం, ఆ రోజు పెడితే అర్థవంతంగా ఉంటుందనిపిస్తుంది. కానీ ఆ రోజు పీఈటీలంతా వాళ్ల వాళ్ల బడుల్లో కార్యక్రమాలతో తలమునకలై ఉంటారు, అదీ కుదరదు.

నన్నడిగితే ఆషాఢంలో ఒక ఆదివారం. పెళ్లిళ్లుండవు కాబట్టి కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి, రేటు మాట్లాడుకోవచ్చు, మంచి వంటవాళ్లు దొరుకుతారు, వేసవి టోర్నమెంట్లు అయిపోయి ఉంటాయి, స్కూల్ గేమ్స్ ఇంకా మొదలై ఉండవు. మామిడిపండు కూడా ఇంకా ఉంటుంది, అది చిన్న విషయం కాదు మన జిల్లాలో. సీజన్ లెక్క వేరేగా ఉన్న ఆటలవాళ్లకు ధనుర్మాసం కూడా ఇలాగే కలిసొస్తుంది, కాకపోతే వైకుంఠ ఏకాదశి ముందు వెనక రోజులు వదిలేయండి.

ఎక్కడ

2022 ఏప్రిల్ 4న జిల్లాలు వేరయ్యాయి కానీ మనుషులు వేరు కాలేదు. పాత చిత్తూరు జిల్లా సంఘాల్లో ఇప్పటికీ శ్రీకాళహస్తి వాళ్లూ పలమనేరు వాళ్లూ ఒకే మ్యాచ్‌లో నిలబడినవాళ్లే. అలాంటప్పుడు ఒక ఏడు తిరుపతిలో, ఒక ఏడు చిత్తూరులో పెట్టుకోవడం న్యాయం. రెండూళ్ల మధ్య 70 కిలోమీటర్లు ఉంటుంది, ప్రతిసారీ ఒకే వైపు వాళ్లు ప్రయాణం చేయాలంటే మూడో ఏటికి రావడం మానేస్తారు.

తిరుపతిలో హాల్ చూసేటప్పుడు మొదటి ప్రశ్న, నీసు వండనిస్తారా? చాలా మండపాల్లో ఒప్పుకోరు, టీటీడీ కల్యాణ మండపాల్లో ఆ మాటే ఎత్తొద్దు. అడ్వాన్స్ ఇచ్చాక తెలిస్తే అది మీ నెత్తిన పడుతుంది. రెండో ప్రశ్న, మన వంటమాస్టర్‌ని తెచ్చుకోవచ్చా, లేక వాళ్ల క్యాటరింగే తీసుకోవాలా? మూడోది జనరేటర్, దాని డీజిల్ ఎవరిది? లిఫ్ట్ ఉందో లేదో మీరే వెళ్లి చూడండి. ముప్పై ఏళ్లు గ్రౌండ్‌లో పరిగెత్తిన పెద్దవాళ్ల మోకాళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు, మూడో అంతస్తు హాల్ ఎంత బాగున్నా వద్దు. ఆరుబయట లాన్ తీసుకుంటే రాత్రి 10 తర్వాత మైకు పెట్టకూడదు, అది దేశమంతా ఉన్న నిబంధన, మూసిన హాల్‌కి ఆ ఇబ్బంది లేదు. బస్టాండ్‌కి ఆటోలో పది నిమిషాల్లో చేరే చోటైతే మేలు, ఊరి బయట రిసార్ట్ ఫొటోలకు బాగుంటుంది కానీ రాత్రి అక్కడి నుంచి కదలడం నరకం.

డబ్బు

లెక్క ఇలా వేయండి. సభ్యులు 60 మంది అనుకుందాం, ఇంట్లోవాళ్లతో కలిపి 130 మంది. ప్లేటు 350 అనుకుంటే భోజనానికే 45,500. మీకు దొరికే రేటు వేరే ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే: ముందు భోజనం ఖర్చు రాసుకోండి, తర్వాత హాల్, తర్వాత జ్ఞాపికలు, మైకు, ఫొటోలు, చివర్న పూలు, ఫ్లెక్సీ. డబ్బు తగ్గితే చివరి నుంచి కోసుకుంటూ రండి, భోజనం జోలికి వెళ్లొద్దు. కొటేషన్ తీసుకునేటప్పుడు జీఎస్‌టీ కలిపా విడిగానా, వడ్డించేవాళ్ల కూలి అందులోనే ఉందా, నీళ్ల బాటిళ్లు ఎవరివి అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

సభ్యుల చందా అందరికీ ఒకేలా పెట్టక్కర్లేదు. మొదటి సీజన్ చేసినవాళ్లు, రిటైరైన పెద్దలు ఏమీ ఇవ్వనక్కర్లేదు అని ముందే గ్రూపులో పెట్టేయండి. ఇబ్బందిలో ఉన్నవాళ్లెవరో కోశాధికారికి తెలుస్తుంది, వాళ్ల చందా ఎవరు కట్టారన్నది ఆయన దగ్గరే ఉండిపోవాలి.

స్పాన్సర్ల విషయంలో గట్టిగా ఉండండి. స్పోర్ట్స్ షాపు, ట్రోఫీల షాపు, ఎవరైనా పాత క్రీడాకారుడు ఇస్తే తీసుకోవచ్చు. జట్టు యజమానుల దగ్గర, మీరు వచ్చే సీజన్‌లో మ్యాచ్‌లు నడపబోయే టోర్నమెంట్ నిర్వాహకుల దగ్గర ఒక్క రూపాయి కూడా వద్దు. వాళ్లు మంచి మనసుతోనే ఇస్తుండొచ్చు, కాదనను. కానీ రేపు కబడ్డీలో ఆఖరి రైడ్‌కి బోనస్ పాయింట్ ఇచ్చారా లేదా అన్న గొడవ వచ్చినప్పుడు, మీకు బిరియానీ పెట్టించింది వాళ్లే కదా అని అవతలి జట్టు అంటే మీ రెఫరీ దగ్గర సమాధానం ఉండదు.

పిలుపులు, లెక్క

నెల ముందు గ్రూపులో తేదీ వేయండి, రెండు వారాల ముందు పూర్తి వివరాలు. మెసేజ్ సూటిగా ఉండాలి, ఇలా: "అన్నలకు, అక్కలకు నమస్తే. మన సీజన్ విందు ఫలానా ఆదివారం సాయంత్రం 5 గంటలకు. కుటుంబంతో రావాలి. ఎంతమంది వస్తున్నారో, అందులో శాకాహారం ఎంతమందో బుధవారం లోపల రాయండి. 7.30కి భోజనాలు, 9కి అయిపోతుంది." పెద్దవాళ్లకు, రిటైరైనవాళ్లకు మెసేజ్ చాలదు, ఫోన్ చేయాలి, దగ్గరుంటే ఇంటికెళ్లి పిలవాలి. సార్, మీరొస్తేనే బాగుంటుంది అని నోటితో చెప్పడం వేరు.

మనవాళ్లు రానని మొహం మీద చెప్పరు. "చూస్తాం సార్" అంటే రారు. "వస్తాంలే" అంటే సగం నమ్మొచ్చు. "ఎన్ని గంటలకన్నా?" అని తిరిగి అడిగినవాళ్లు తప్పకుండా వస్తారు. బుధవారం అయ్యాక రాయనివాళ్లందరికీ కమిటీలో ఒకరు ఫోన్ చేసి సంఖ్య తేల్చండి, శుక్రవారానికి వంటమాస్టర్‌కి చెప్పేయాలి.

భోజనం

బఫే వద్దు, పంక్తి వేయండి. ఈ ఒక్క విషయంలో నేను వాదనకు కూడా సిద్ధమే. సీజనంతా ఎండలో నిలబడి పనిచేసినవాళ్లను ఆ రోజు కూడా ప్లేటు పట్టుకుని క్యూలో నిలబెట్టడం ఏం బాగుంటుంది? అరిటాకు వేసి, కూర్చోబెట్టి, కార్యవర్గం వాళ్లే దగ్గరుండి వడ్డించాలి. అధ్యక్షుడు సాంబారు బకెట్ పట్టుకుని వంగి ఒక కొత్త లైన్ అంపైర్ ఆకులో పోస్తే ఆ కుర్రాడు సంఘం వదిలిపోడు.

మెనూ మన వైపుదే ఉండనివ్వండి. రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరుబిండి, గుత్తివంకాయ, పప్పు, అన్నం, చారు, గడ్డపెరుగు, తీపికి నెయ్యి వేసిన ఓళిగలు (బొబ్బట్లు), ఆకు చివర రెండు మామిడి ముక్కలు. పిల్లల కోసం కొంచెం చికెన్ బిరియానీ చేయించండి, కిలో బియ్యం ఎనిమిది పదిమందికి వస్తుంది. పన్నీరు, మంచూరియా, మూడు రకాల నూడుల్స్ అంటూ క్యాటరింగ్ వాళ్లు కార్డు చూపిస్తారు, వాటి డబ్బుతో కోడి ఇంకో రెండు కిలోలు ఎక్కువ వేయించుకోవచ్చు.

సంగటి విషయంలో ఒక జాగ్రత్త. అది ముందే చేసి హాట్‌బాక్స్‌లో పెడితే గట్టిపడుతుంది, పైన పెచ్చు కడుతుంది, పులుసులో ముంచినా విడిపోదు. సన్మానాలు సగానికి వచ్చాయనగా కమిటీలో ఒకరు వంటశాలకు వెళ్లి చెప్పాలి, అప్పుడు ఉడికిన నూకల్లో పిండి వేసి తెడ్డుతో తిప్పడం మొదలుపెడితే ఆకులు పరిచే వేళకు ముద్దలు పొగలు కక్కుతూ వస్తాయి. చేయి తడుపుకుని ముద్ద కట్టేవాళ్లు ఇద్దరుండాలి, ఒక్కరితో 130 మందికి అందదు.

శాకాహారులకు వంట, గరిటెలు, పంక్తి అన్నీ వేరుగా పెట్టండి. మాల వేసుకున్నవాళ్లుంటే ముందే అడిగి వాళ్లకు ఏం కుదురుతుందో కనుక్కోండి. షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటారు కాబట్టి 7.30 అంటే 7.30కే ఆకులు వేయాలి, ఉపన్యాసం సాగుతోందని ఆపొద్దు. వచ్చీ రాగానే తినడానికి ఉడకేసిన చెనక్కాయలు, మిరపకాయ బజ్జీలు, టీ ఉంటే పిల్లలు గోల చేయరు.

మందు వద్దు. ఆడవాళ్లు, పిల్లలు వస్తున్నారు, రాత్రి పూట హైవే మీద బండ్లు నడుపుకుంటూ వెళ్లేవాళ్లున్నారు. పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి పెట్టుకునే ఏర్పాట్లు కూడా జరగవని కమిటీ ముందే అందరికీ చెప్పాలి.

వేదిక మీద

వేదిక మీద ఐదు కుర్చీల కంటే ఎక్కువ వేయొద్దు. నాయకులను పిలిస్తే ఒక్కరిని పిలవండి, వాళ్లు ఆలస్యమైనా కార్యక్రమం ఆగదని మర్యాదగా ముందే చెప్పండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, స్టాప్‌వాచ్ పట్టుకోవడానికి మనవాళ్ల కంటే మంచివాళ్లు ఎక్కడ దొరుకుతారు, ఒకరిని ముందు వరుసలో కూర్చోబెట్టి టైమ్ అవగానే చెయ్యెత్తమనండి. ముందుగా ఆ ఏడు పోయిన అఫీషియల్స్ పేర్లు చదివి ఒక నిమిషం నిలబడాలి, వాళ్ల ఇంటినుంచి ఎవరైనా రాగలిగితే ముందు వరుసలో చోటివ్వాలి.

సన్మానాలు భోజనానికి ముందే అయిపోవాలి, తిన్నాక ఎవరూ ఉండరు. ఎవరికి చేయాలన్నది ఆలోచించాల్సిన సంగతి. ఫైనల్‌లో విజిల్ వేసిన సీనియర్‌ని అందరూ చూశారు, పేపర్లో ఫొటో కూడా వచ్చి ఉంటుంది. కబడ్డీలో అసిస్టెంట్ స్కోరర్లను తీసుకోండి. ఎండ్ లైన్ దగ్గర ఉండి, ఎవరు ముందు ఔటయ్యారు, ఎవరు తర్వాత అన్నది వరుసగా రాసుకుంటూ, ఔటైనవాళ్లు సిట్టింగ్ బ్లాక్‌లో సరిగ్గా కూర్చున్నారా అని చూస్తుంటారు. ముందు ఔటైనవాడే ముందు ఆటలోకి తిరిగి రావాలి కాబట్టి, వరుస ఒక్కటి తప్పితే లోపలికి రావాల్సినవాడు కాక వేరేవాడు లేస్తాడు, మ్యాచ్ తారుమారవుతుంది. ఆటంతా అయ్యాక వాళ్ల పేరు అడిగేవాళ్లు ఉండరు. అలాంటివాళ్లను ముందు పిలవండి. తెల్లారకముందే వచ్చి సున్నంతో గీతలు వేసి, మట్టి చదును చేసే గ్రౌండ్ మనుషులను కూడా కుటుంబంతో పిలిచి అదే పంక్తిలో కూర్చోబెట్టండి.

పిలిచేటప్పుడు ఊరికే పేరు చదవకుండా ఏం చేశారో ఒక్క వాక్యం చెప్పండి. "పుత్తూరు మ్యాచ్‌లో వాన తగ్గేదాకా స్కోర్ షీట్ చొక్కా లోపల దాచిపెట్టుకున్న మనిషి" అని చెబితే హాలంతా చప్పట్లు కొడుతుంది, ఆయన భార్య అప్పుడు ఆయన వైపు చూసే చూపు చాలు. ఇలాంటివి రాయడానికి వారం ముందు నుంచే తోటి అఫీషియల్స్‌కి ఫోన్ చేసి అడిగి తెలుసుకోవాలి. ఇంటిపేరు, అక్షరాలు సభ్యత్వ రిజిస్టర్ చూసి సర్టిఫికెట్ మీద అచ్చు వేయించండి, ప్రింటింగ్‌కి ఇచ్చేముందు ఆ మనిషికే వాట్సాప్‌లో పంపి సరిచూడమనండి.

మహిళా అఫీషియల్స్‌ని చివర్లో గుర్తొచ్చినట్టు కాకుండా మొదటి సగంలోనే పిలవండి. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో ఐసీసీ అంతర్జాతీయ మ్యాచ్ రెఫరీల ప్యానెల్‌లో చేరిన మొదటి మహిళ అయ్యారు. ఆ మాట వేదిక మీద చెబితే హాల్లో కూర్చున్న ఆడపిల్లలు వింటారు.

శాలువా ఒక్కటి చాలు, ఇప్పటికే ఇళ్లలో బీరువాల నిండా ఉన్నాయి. దాని బదులు పనికొచ్చేది ఇవ్వండి. మంచి స్టాప్‌వాచ్, తెల్ల టీ షర్ట్, లేదా ఫాక్స్ 40 విజిల్. లోపల గోళీ లేని ఆ విజిల్‌ని తయారు చేయించింది రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ అనే కెనడా బాస్కెట్‌బాల్ రెఫరీయే, మ్యాచ్ మధ్యలో పాత విజిల్ మూగబోవడంతో విసిగి. రిటైరయ్యేవాళ్లకు ప్లాస్టిక్ షీల్డ్ కంటే శ్రీకాళహస్తి కలంకారీ బట్టకు ఫ్రేము కట్టించో, మాధవమాల చెక్క బొమ్మో ఇస్తే ఇంట్లో గోడకు ఉంటుంది. బయటి ఊర్ల నుంచి వచ్చేవాళ్లు స్వామి ప్రసాదం ఆశిస్తారు, ముందు రోజు కమిటీలో ఒకరు కొండకెళ్లి లడ్డూలు తెచ్చేలా చూడండి.

మొదటి పంక్తి తింటుంటే రెండో పంక్తి వాళ్లకు, పిల్లలకు చిన్న క్విజ్ పెట్టొచ్చు. ఎర్ర, పసుపు కార్డులు ఏ ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో మొదలయ్యాయి? 1970. ఆ ఆలోచన ఎవరిది? కెన్ ఆస్టన్ అనే ఇంగ్లండ్ రెఫరీది. 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకు తటస్థ అంపైర్లుగా వెళ్లిన ఇద్దరు భారతీయులెవరు? పిలూ రిపోర్టర్, వి.కె. రామస్వామి. జవాబు చెప్పిన పిల్లలకు ఒక్కో విజిల్ ఇవ్వండి, ఆ తర్వాత హాల్లో మోత భరించాలి మరి.

ఆ రోజు, ఆ తర్వాత

కుప్పం, పలమనేరు వైపు చివరి బస్సుల టైమ్ కనుక్కుని గేటు దగ్గర రాసి పెట్టండి, దూరంవాళ్లను మొదటి పంక్తిలోనే కూర్చోబెట్టండి. ఉండిపోయేవాళ్లకు లాడ్జీలో రెండు మూడు రూములు ముందే తీసుకోవాలి, ఆదివారం సాయంత్రం తిరుపతిలో అప్పటికప్పుడు వెతికితే దొరకవు. వెళ్లేముందు గ్రూప్ ఫొటో మర్చిపోవద్దు, ఫొటోలో వంటవాళ్లు కూడా ఉండాలి.

ముట్టని అన్నం, కూరలు మిగిలితే రాత్రికి రాత్రే రుయా ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు అందేలా ఒక బండి మాట్లాడి ఉంచుకోండి, తెల్లారితే సంగటి తప్ప ఏదీ పనికిరాదు. వారం లోపల ఖర్చుల లెక్క, బిల్లుల ఫొటోలతో సహా గ్రూపులో పెట్టండి. డబ్బు మిగిలితే దెబ్బ తగిలిన అఫీషియల్స్ వైద్యానికి విడిగా ఖాతాలో వేసి ఆ సంగతి కూడా అక్కడే రాయండి, హాల్ వాళ్ల దగ్గర వచ్చే ఆషాఢానికి ఏ ఆదివారాలు ఖాళీ ఉన్నాయో కూడా అప్పుడే అడిగేయండి.